సీటు రాని పిల్లకి ఏం చెప్పాలి?

తెలుగులో సీటు వస్తుంది, పోతుంది. బాగా చదివినవాడు సీటు కొడతాడు. రానివాడి గురించి మాత్రం ‘సీటు పోయింది’ అంటాం. అసలు రానిది ఎలా పోతుందని ఎవరూ అడగరు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్ళకి ఆ మాటలో వింతేమీ తోచదు. మార్కులు వచ్చాయంటే సీటు అప్పటికే మనదైపోయినట్టు, మధ్యలో ఎవరో ఎత్తుకుపోయినట్టు మాట్లాడతాం. ఈ మాట మనవాళ్ళతో పాటు సముద్రం దాటింది. న్యూజెర్సీలోనో, డాలస్ శివార్లలోనో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలో కాలేజీ అడ్మిషన్ల ప్రస్తావన వస్తే, కాసేపటికి ‘మన పిల్లల సీట్లు వాళ్ళకి పోతున్నాయి’ అన్న మాట కూడా వస్తుంది. వాళ్ళంటే ఎవరో వివరంగా చెప్పక్కర్లేదు.

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలామందికి ఈ వాక్యం గెలిచినట్టే వినిపించింది. హార్వర్డ్ మీద, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం మీద ‘స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్’ అనే సంస్థ 2014లో వేసిన కేసులవి. దరఖాస్తుదారు జాతిని చూసి అడ్మిషన్లో మొగ్గు చూపే ఈ రెండు సంస్థల పద్ధతీ సమాన రక్షణ హామీకి విరుద్ధమని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశాడు. సంస్థ పెట్టిన ఎడ్వర్డ్ బ్లమ్ అంతకుముందు టెక్సస్ విశ్వవిద్యాలయం మీద ఒక శ్వేతజాతి విద్యార్థిని వేసిన కేసు వెనక కూడా ఉన్నాడు. ఆ కేసు ఓడిపోయింది. హార్వర్డ్ కేసులో ముందు నిలబెట్టింది ఏషియన్ అమెరికన్ విద్యార్థుల్ని. అంటే మనవాళ్ళ పిల్లల్ని కూడా.

కోర్టు వాదనలు పక్కన పెట్టి ఒక చిన్న పరీక్ష పెట్టి చూద్దాం. సీటు రాని ఒక పిల్ల కాలేజీ ఎదురుగా కూర్చుని ‘నాకెందుకు ఇవ్వలేదు?’ అని అడిగిందనుకుందాం. కాలేజీ ఆ పిల్ల కళ్ళలోకి చూసి, నీళ్ళు నమలకుండా, అసలు కారణం చెప్పగలగాలి. ఆ పిల్లకి కారణం నచ్చాలని లేదు. నచ్చదు కూడా. కానీ అది ఆమెని అవమానించకూడదు, ఎదురు ప్రశ్నకి నిలబడాలి. మొహం మీద చెప్పలేని కారణంతో చూపే మొగ్గు అన్యాయమని నా అభిప్రాయం.

ముందుగా మార్కుల సంగతి. రాబర్ట్స్ తీర్పులోనే ఉన్న లెక్క ప్రకారం హార్వర్డ్‌కి ఏడాదికి అరవై వేలమందికి పైగా దరఖాస్తు చేస్తే రెండు వేలమందికి లోపే అడ్మిషన్. 2019లో పట్టా పొందాల్సిన బ్యాచ్‌కి దరఖాస్తు చేసినవాళ్ళలో ఎనిమిది వేలమందికి పైగా హైస్కూల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్ళే అని విచారణలో తేలింది. శాట్ లెక్కల్లో పూర్తి మార్కులు వచ్చినవాళ్ళు 3,400 మంది. ఇచ్చే అడ్మిషన్లు రెండు వేలు కూడా లేనప్పుడు పూర్తి మార్కులు కూడా ఎవరికీ సీటు రాసివ్వలేవు. ఇక్కడ ర్యాంకు లేదు, కౌన్సెలింగ్ లేదు, కటాఫ్ లేదు. కాబట్టి ‘నా సీటు’ అనే వస్తువే లేదు. ఉన్నదల్లా న్యాయంగా చూడమని అడిగే హక్కు.

ఆ హక్కు విషయంలోనే ఏషియన్ పిల్లల ఫిర్యాదుకి బలం ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే ప్రగతిశీల మిత్రులతో నాకు పేచీ. హార్వర్డ్ ప్రతి దరఖాస్తుకీ చదువు, ఇతర వ్యాపకాలు, ఆటలు అంటూ విడివిడిగా అంకెలు వేస్తుంది. వాటితో పాటు ‘పర్సనల్ రేటింగ్’ ఒకటి. మనిషి ఎలాంటివాడు, ధైర్యం ఉందా, దయ ఉందా, నలుగురిలో కలుస్తాడా వగైరా. చదువులో ముందున్న ఏషియన్ అమెరికన్ విద్యార్థులకి ఈ రేటింగు సగటున తెల్లవాళ్ళకంటే తక్కువగా వచ్చింది. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసిన పూర్వ విద్యార్థులు వేసిన అంకెల్లో ఇంత తేడా లేదు. చాలావరకు కాగితాల్లోంచి మనిషిని ఊహించిన ఆఫీసువాళ్ళ అంకెల్లోనే ఉంది. విచారణ జరిపిన జడ్జి ఆలిసన్ బరోస్ 2019లో ఇది ఉద్దేశపూర్వక వివక్ష కాదని తీర్పు ఇచ్చింది. అయినా తెలియకుండా పనిచేసే పక్షపాతం కొంత ఉండవచ్చని ఒప్పుకుంది. మరి ఆ పిల్ల ఎదురుగా కూర్చుంటే ఏం చెప్పాలి? ‘నువ్వు చూడకుండానే మాకు కొంచెం నచ్చలేదమ్మా’ అనా?

ఈ రేటింగుకి పాత కథ కూడా ఉంది. 1920ల్లో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు ఐదో వంతు దాటారు. అధ్యక్షుడు అబ్బాట్ లారెన్స్ లోవెల్‌కి అది నచ్చలేదు. 1922లో బాహాటంగా కోటా పెట్టబోతే గొడవైంది. అప్పుడు దారి మార్చారు. దరఖాస్తులో తల్లి పుట్టింటి పేరు, తండ్రి పుట్టిన ఊరు, ఇంటిపేరు ఎప్పుడైనా మార్చుకున్నారా అనే ప్రశ్నలు వచ్చాయి. మార్కులు చాలవు, ‘శీలం’ చూడాలన్నారు. ఫోటో అడిగారు. కొన్నేళ్ళలో యూదుల సంఖ్య కావలసినంత తగ్గింది. జెరోమ్ కారబెల్ 2005లో రాసిన ‘ది చోజెన్’ పుస్తకంలో ఈ చరిత్ర వివరంగా ఉంది. ‘మొత్తం మనిషిని చూస్తాం’ అనే అందమైన మాట అక్కడ కొందరు మనుషుల్ని చూడకుండా ఉండటానికి పుట్టింది.

అయితే ఈ ఫిర్యాదులో ఒక మెలిక ఉంది. పర్సనల్ రేటింగులో ఏషియన్ పిల్లలు వెనకబడింది తెల్లపిల్లలతో పోల్చినప్పుడు. తెల్లవాళ్ళకి ఈ మేడలో మరో తలుపు కూడా ఉంది. క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల సంతానం, విరాళాలూ పలుకుబడీ చూసి డీన్ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నవాళ్ళు, అధ్యాపకుల, సిబ్బంది పిల్లలు. కేసులో ఫిర్యాదీల తరఫున సాక్ష్యం చెప్పిన ఆర్థికవేత్త పీటర్ ఆర్సిడియాకోనో తన సహచరులతో కలిసి తర్వాత ఈ లెక్కలు ప్రచురించాడు. అడ్మిషన్ వచ్చిన తెల్ల విద్యార్థుల్లో 43 శాతానికి పైగా ఈ తలుపుగుండా వచ్చినవాళ్ళే. నల్లజాతి, ఏషియన్, హిస్పానిక్ విద్యార్థుల్లో అలాంటివాళ్ళు ఒక్కో వర్గంలోనూ 16 శాతం లోపే. ఆ తలుపు లేకపోతే అందులోంచి వచ్చిన తెల్లవాళ్ళలో దాదాపు నాలుగింట మూడు వంతులమందికి సీటు వచ్చేది కాదని వాళ్ళ అంచనా. ‘ఆ అబ్బాయి తాత కూడా ఇక్కడే చదివాడు, మీ తాత చదవలేదు’ అని పిల్లకి చెప్పి చూడండి. ఆ తాత చదివిన రోజుల్లో ఈ పిల్ల తాతకి ఆ దేశంలో అడుగుపెట్టే దారే దాదాపు లేదు.

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన లెక్క. దీన్ని దాటేసి మాట్లాడితే మోసం అవుతుంది. చదువు అంకెల ప్రకారం దరఖాస్తుదారుల్ని పది మెట్లుగా విడగొడితే, కింది నుంచి నాలుగో మెట్టు మీదున్న నల్లజాతి విద్యార్థికి సీటు వచ్చే అవకాశం 12.8 శాతం. అన్నిటికంటే పైమెట్టు మీదున్న ఏషియన్ అమెరికన్‌కి 12.7. సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నాయి ఈ అంకెలు. ఇది చిన్న మొగ్గు కాదు. ‘సమానులైన ఇద్దరి మధ్య చివరి క్షణంలో కాస్త చూశాం’ అనే మాట దీని ముందు నిలబడదు. మరి దీనికి మొహం మీద చెప్పగలిగే కారణం ఉందా?

ఉందని నా నమ్మకం. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి 1789లో అనుమతి పత్రం వచ్చింది. నల్లజాతి విద్యార్థులు అక్కడ డిగ్రీ తరగతుల్లో మొదటిసారి కూర్చున్నది 1955లో, అదీ కోర్టు చెప్పాక. హార్వర్డ్ నాయకులు, అధ్యాపకులు, సిబ్బంది పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో 70 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నారని 2022లో హార్వర్డే తన నివేదికలో రాసుకుంది. బానిసత్వం పోయాక వేరు బళ్ళు వచ్చాయి. 1930ల్లో నల్లవాళ్ళు ఉండే పేటల చుట్టూ మ్యాపుల మీద ఎర్రగీతలు గీసి, అక్కడ ఇళ్ళకి అప్పు ఇవ్వడం ప్రమాదమన్నారు. ఇంటి విలువ పెరగని పేటలో ఆస్తిపన్ను రాదు. అమెరికాలో బడి ఖర్చులో పెద్ద భాగం స్థానిక పన్నుల నుంచే వస్తుంది. తాతకి ఇల్లు కొనుక్కోనివ్వకపోవడం మనవడి లెక్కల టీచరు దాకా ఎలా వస్తుందో చూశారా? ఈ వరసంతా ఆ పిల్లకి చెప్పవచ్చు. ‘ఈ దేశం, ఈ సంస్థ ఫలానావాళ్ళకి బాకీ పడ్డాయి. అది తీర్చడానికి కొన్ని సీట్లు వాడుతున్నాం. దానివల్ల నీ అవకాశం తగ్గింది, అది మాకు తెలుసు.’ పిల్ల వాదించవచ్చు. ‘నేను చేయని తప్పుకి నేనెందుకు కట్టాలి?’ అనవచ్చు. జవాబు ఉంది: కడుతున్నది నువ్వు కాదు. 1636 నుంచి అదే ఖజానాతో బతుకుతున్న సంస్థ తన బాకీ తాను కడుతోంది. సీటు దానిది. నీది అయి ఉంటే కదా నీ దగ్గర్నుంచి తీసుకోవడం!

విచిత్రం ఏమిటంటే, ఈ ఒక్క మాట చెప్పడానికే అమెరికా చట్టం కాలేజీలకి అనుమతి ఇవ్వలేదు. 1978లో బాకీ కేసు. ఫిర్యాదీ పేరు ఆలన్ బాకీ. తెలుగు చెవికి ఆ పేరు పెద్ద వ్యంగ్యం. కాలిఫోర్నియాలో ఒక వైద్య కళాశాల నూరు సీట్లలో 16 పక్కన పెట్టింది. ఆ కోటా చెల్లదని కోర్టు చెప్పింది. ఆ కేసులో తూకం తేల్చిన జస్టిస్ పవెల్, సమాజంలో జరిగిన వివక్షని సరిదిద్దడం అడ్మిషన్లకి కారణం కాకూడదన్నాడు. తరగతిలో రకరకాల విద్యార్థులు ఉంటే అందరి చదువూ మెరుగవుతుంది కనుక, ఆ వైవిధ్యం కోసమైతే జాతిని ఒక అంశంగా చూడవచ్చన్నాడు. ఆదర్శంగా చూపింది హార్వర్డ్ పద్ధతినే. ఆ బెంచి మీదున్న ఏకైక నల్లజాతి న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ బానిసత్వం నుంచి మొదలుపెట్టి చరిత్రంతా విడిగా రాశాడు. అది అభిప్రాయంగానే మిగిలింది.

అప్పటినుంచి నలభై ఐదేళ్ళ పాటు కాలేజీలు ‘డైవర్సిటీ’ పాట పాడాయి. ఆ మాటకి అర్థం ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. నల్లజాతి పిల్లవాడు తరగతిలో ఎందుకున్నాడు? పక్కనున్న తెల్లపిల్లవాడి అనుభవం విశాలం కావడానికి. అప్పు తీర్చాల్సినవాడు అప్పు మాట ఎత్తకుండా, ‘నువ్వు మా ఇంటికొస్తే సందడిగా ఉంటుంది’ అని పిలవడం లాంటిది ఇది. అందులో అవతలివాడికి గౌరవం లేదు. పైగా సందడి ఎంత ఉంటే చాలో ఎవరు కొలుస్తారు? ఈ లక్ష్యాలు కొలవడానికి వీల్లేనివని 2023లో రాబర్ట్స్ తప్పుపట్టాడు. ఆయన తీర్పుతో నేను ఏకీభవించను కానీ, ఆ ఒక్క విమర్శ సరైనదే. అయితే కొలవగలిగే కారణాన్ని నోరెత్తనివ్వకుండా చేసింది కూడా అదే కోర్టు కదా.

కారణం పైకి చెబితే ఏమవుతుందో మనకి తెలుసు, ఎందుకంటే మన దేశంలో పైకే చెప్పారు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు రాష్ట్రపు కమ్యూనల్ జీవోని సుప్రీంకోర్టు కొట్టేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి ఆ రాష్ట్రంలోనివే. అదే ఏడాది మొదటి సవరణతో రాజ్యాంగంలో 15(4) చేరింది. వెనకబడిన వర్గాల కోసం, షెడ్యూల్డ్ కులాలు, తెగల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని సూటిగా రాశారు. ఎవరికోసమో చెప్పారు కాబట్టే, వాళ్ళకి చేరుతోందా అని అడిగే వీలు కలిగింది. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు బీసీల్లో క్రీమీ లేయర్‌ని పక్కన పెట్టమంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా, ఎస్సీల వాటా ఎస్సీల్లోనే సమంగా అందడం లేదని నిలదీసింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2024 ఆగస్టులో, వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మన రిజర్వేషన్లు గొప్పగా నడుస్తున్నాయని నేను అనను. వాటి మీద జరిగే పోట్లాట కనీసం అసలు విషయం మీద జరుగుతుంది.

అమెరికాలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరని కాదు. హార్వర్డ్‌లోని నల్లజాతి విద్యార్థుల్లో ఎక్కువమంది కరీబియన్, ఆఫ్రికన్ వలస కుటుంబాల పిల్లలేనని, అమెరికన్ బానిసల వారసులు తక్కువని లానీ గ్వినియర్, హెన్రీ లూయిస్ గేట్స్ 2004లోనే ఎత్తి చూపారు. బాకీ అని ఒప్పుకుని ఉంటే అది పెద్ద తప్పు, వెంటనే సరిచేయాలి. డైవర్సిటీ అన్నారు కాబట్టి ఏ రంగైనా పరవాలేదు. ‘ఏషియన్’ అనే గడి కూడా అంతే. డాక్టరు గారమ్మాయినీ, కంబోడియా నుంచి శరణార్థిగా వచ్చిన కుటుంబంలో అమ్మాయినీ ఒకే గడిలో పెట్టి ఒకే రకంగా చూశారు.

మనవాళ్ళ సంగతికొస్తే, మనం కూడా ఈ బాకీ కథకి బయటివాళ్ళం కాము. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇదే సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు కనుక పౌరసత్వానికి పనికిరారంది. 1946 చట్టంతో పౌరసత్వం దొరికినా, మన దేశానికి ఏడాదికి వంద కోటా. ఆ తలుపు తెరుచుకున్నది 1965 అక్టోబరులో. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం, వెనకే వలస చట్టం. జాతిని బట్టి మనుషుల్ని తూచడం తప్పని ఆ దేశం చేత ఒప్పించడానికి దెబ్బలు తిన్నది నల్లవాళ్ళు. ఆ చట్టం వల్ల డాక్టర్లు, ఇంజనీర్లు విమానాలెక్కారు. ఎక్కినవాళ్ళు కూడా మామూలుగా ఎక్కలేదు. ‘ది అదర్ వన్ పర్సెంట్’ అనే 2016 నాటి పుస్తకం దీన్ని మూడుసార్లు జల్లెడ పట్టడంగా వివరిస్తుంది: ఇక్కడ పెద్దచదువు అందుకోగల సామాజిక వర్గాలు ఒక జల్లెడ, పోటీ పరీక్షలు రెండోది, వీసా మూడోది. మూడు జల్లెళ్ళు దాటిన అమ్మానాన్నల ఇంట్లో పుట్టడం ఏ పిల్ల తప్పూ కాదు. అయితే ఆ ఇంట్లో వచ్చిన మార్కుల్లో జల్లెళ్ళ పాలు ఎంతో మనం ఎప్పుడూ లెక్కేయం. ఎదుటివాడి సీటులో చరిత్ర పాలు ఎంతో మాత్రం నాలుగు దశాంశాల దాకా లెక్కేస్తాం.

తీర్పు తర్వాత పోయిన సీట్లు తిరిగొచ్చాయా? 2024లో చేరిన బ్యాచ్ చూడండి. ఎంఐటీలో ఏషియన్ అమెరికన్లు దాదాపు 40 నుంచి 47 శాతానికి పెరిగారు, నల్లజాతి విద్యార్థులు 13 నుంచి 5కి పడిపోయారు. ఆమ్హర్స్ట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు 11 నుంచి 3కి. హార్వర్డ్‌లో వాళ్ళు 18 నుంచి 14కి తగ్గారు, ఏషియన్ల వాటా 37 దగ్గరే ఉండిపోయింది. యేల్‌లో ఏషియన్ల వాటా 30 నుంచి 24కి దిగింది. జాతి చెప్పడానికి ఇష్టపడనివాళ్ళు కొన్నిచోట్ల పెరిగారు కాబట్టి ఈ అంకెల్ని మరీ గట్టిగా పట్టుకోలేం. అయినా ఒకటి చెప్పవచ్చు: ఒకరి పళ్ళెంలోంచి తీస్తే నేరుగా మన పళ్ళెంలో పడుతుందన్న లెక్క అన్నిచోట్లా పనిచేయలేదు.

ఇందులో నన్ను నిజంగా కలవరపెట్టేది మరొకటి. పర్సనల్ రేటింగుని మొహం మీద చెప్పలేరు. తాతల తలుపుని చెప్పలేరు. చెప్పగలిగే కారణం ఒక్క బాకీయే. కోర్టు మూసింది దాన్నే. మిగతా రెండింటినీ ముట్టుకోలేదు. నిజానికి కాలేజీల తప్పు కూడా ఇక్కడే ఉంది. బాకీ తీరుస్తున్నామని గొప్పలు పోతూ తమవాళ్ళ వాటా కదపకుండా, ఉమ్మడి పళ్ళెంలోంచే తీశారు. ఆ పళ్ళెం ముందు కూర్చున్నది వలస వచ్చినవాళ్ళ పిల్లలు. వాళ్ళకి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ కోపం పక్కన కూర్చున్నవాడి మీదకి మళ్ళింది. వడ్డించేవాడి మీదకి మళ్ళలేదు.

తాతల తలుపు మూయడం అసాధ్యమేమీ కాదు. ఎంఐటీ దాన్ని చూడదు. జాన్స్ హాప్‌కిన్స్ వదిలేసింది. ఆమ్హర్స్ట్ 2021లో వదిలేసింది. ప్రైవేటు కాలేజీల్లో కూడా కుదరదంటూ కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. తీర్పు వచ్చాక కూడా హార్వర్డ్ వదలలేదు. ఏళ్ళ తరబడి కేసు నడిపిన పట్టుదలలో సగం దీని మీద పెట్టమని అక్కడి తెలుగు తల్లిదండ్రుల్ని అడగాలనుంది. ఒప్పుకుంటారా అన్నది అనుమానమే. ఎందుకంటే ఇప్పుడు వాళ్ళలో కొందరి పిల్లలు హార్వర్డ్‌లో ఉన్నారు. ఇంకో పాతికేళ్ళకి ఆ తలుపు వాళ్ళ మనవళ్ళకి పనికొస్తుంది.